చుక్క అరవని వేసవి

గేదెకి చెమట సరిగా పట్టదు. నల్లటి తోలు, పలచటి వెంట్రుక, చెమట గ్రంథులు ఆవుకి ఉన్నన్ని ఉండవు. ఎండనంతా పీల్చుకుంటుంది గానీ ఆ వేడి బయటికి పోయే దారి తక్కువ. అందుకే నీళ్లలో దిగుతుంది, బురద పూసుకుంటుంది. మనవాళ్లేమో దాన్ని బద్ధకం అనుకుని, పని చేయని మనిషిని దున్నపోతుతో పోల్చి తిడతారు. పాపం, అది తన ప్రాణం తను కాపాడుకుంటోంది.

పశువుల డాక్టర్లుగా కొత్తగా చేరే పిల్లలు మా ఇంటికి వస్తే నేను మొదట చెప్పేది ఈ ముక్కే. వాళ్లు తలూపుతారు. ఇవన్నీ చదువుకునే వచ్చాం మేడమ్ అన్నట్టు ఉంటుంది ఆ ఊపు. వాతావరణం మారుతోంది, జీవులు దానికి అలవాటు పడతాయి అని వాళ్ల పుస్తకంలో ఒక పాఠమే ఉందట. మంచిదే. కానీ ఆ అలవాటు పడడం ఎంత పనో, దానికి ఎవరు అడ్డం పడతారో పుస్తకంలో ఉండదు. నాకది తెలిసింది నర్సాపురం నుంచి మొగల్తూరు వెళ్లే దారిలో ఒక ఊళ్లో, ఒక గేదె వల్ల. దాని పేరు చుక్క.

తొంభైల మధ్యలో నాకు అక్కడికి పోస్టింగు వచ్చింది. రాజమండ్రిలో పుట్టి పెరిగినదాన్ని, సముద్రం దగ్గరి ఊళ్లు నాకు కొత్త. ఆసుపత్రి అంటే ఒక గది, ఒక వరండా, పశువుల్ని నిలబెట్టి పరీక్ష చేయడానికి ఇనప గొట్టాల చట్రం. నేను చేరిన రోజు ఒక పెద్దాయన ఎద్దుని తోలుకొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"డాక్టరు గారు లేరాండి?"

"నేనేనండి."

"అబ్బే, మనుషుల డాక్టరు కాదండి. పశువుల డాక్టరు."

"పశువుల డాక్టర్నేనండి. ఎద్దుకేమైంది?"

ఆయన ఎద్దు వైపు చూశాడు, అది ఒప్పుకుంటుందో లేదో అన్నట్టు. ఎద్దుకి అభ్యంతరం లేకపోయింది. ఆ తర్వాత ఆ ఊళ్లో నేను డాక్టరమ్మగారిని అయిపోయాను. మోపెడ్ మీద కాలవగట్టున వెళ్తుంటే చేలల్లోంచి కేకేసి మరీ ఆపేవాళ్లు. ఆ గట్టు మీద పొద్దున్నే వీచే గాలి, తడి ఎండుగడ్డి వాసన ఇప్పటికీ నాకు బెంగగా గుర్తొస్తాయి.

రేకుల కింద

మా పై అధికారి అసిస్టెంట్ డైరెక్టరు. అందరం ఏడీ గారనే వాళ్లం. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఎవరి మీదో విసుక్కుంటూ ఉండేవారు. ఆయనకి జెర్సీ పిచ్చి. ఊరూరా జెర్సీ సంకరం ఆవులు రావాలి, బిందెల కొద్దీ పాలు పారాలి, ఇదే ఆయన కల. ఆ పిచ్చి సంగతెలా ఉన్నా, ఆయన దగ్గర నేర్చుకున్న ఒక్క పద్ధతి నా ఉద్యోగమంతా నన్ను కాపాడింది.

ఒక మే నెలలో ఊరి ప్రెసిడెంటు గారింటి నుంచి కబురొచ్చింది. ప్రెసిడెంటు అంటే మావైపు సర్పంచే. ఆయన కొత్తగా కొన్న జెర్సీ ఆవు మేత ముట్టడం లేదు, నాలుక బయటపెట్టి కుక్కలా రొప్పుతోంది. అదృష్టమో దురదృష్టమో ఆ రోజు ఏడీ గారి జీపు మా ఆసుపత్రి ముందే ఉంది. ఇద్దరం కలిసి వెళ్లాం.

ప్రెసిడెంటు గారు ఎదురొచ్చి తన కొత్త షెడ్డు చూపించారు. "తాటాకు పాక పీకించేసి సిమెంటు రేకులు వేయించానండి. ఏడాదికోసారి నేయించే బాధ లేదు. ఊళ్లో మొదటిది మనదే."

నేను మందుల పెట్టె తెరిచాను. ఏడీ గారు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. "ముందు మందు కాదు. అదిగో, ఆవు పక్కన నిలబడండి."

"ఎందుకండి?"

"నిలబడమన్నానా లేదా? నేను చాలనేదాకా కదలకండి."

నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం. రేకు తలకి జానెడు ఎత్తులో ఉందేమో అనిపించింది. పైనుంచి సెగ, కింద పేడ ఆవిరి, మూడు వైపులా గోడ. కాసేపటికి నా కళ్లు మసకబారాయి, చీర ఒంటికి అంటుకుపోయింది. గుమ్మంలో నీడన నిలబడి ఏడీ గారు తాపీగా అడిగారు, "ఇప్పుడు చెప్పండి, ఏం రోగం?"

"ఎండండి."

"రాయండి మరి మందు."

నేను రాసింది ఇదీ: రేకుల మీద దట్టంగా తాటాకు కప్పండి, ఒక గోడ తీసేయండి, గోనెపట్టాలు తడిపి వేలాడదీయండి, మేత తెల్లవారుజామునా సాయంత్రం చల్లబడ్డాకా వేయండి. ప్రెసిడెంటు గారి మొహం మాడిపోయింది. "రేకుల మీద తాటాకేంటండి? జనం నవ్వరా?" అన్నారు.

ఆవు పాలు మూడొంతులు పడిపోయేదాకా ఆయన వినలేదు. చివరికి కప్పించారు, అదీ వీధిలోంచి కనపడని వెనక వైపు మాత్రమే! ముందు వైపు ఊరికోసం, వెనక వైపు ఆవుకోసం. ఆవు మాత్రం తెలివిగా ఆ వెనక సగంలోనే పడుకునేది. ఈలోపు ఆయన్ని చూసి ఊళ్లో సగం మంది తాటాకు పాకలు పీకేసి రేకులు వేసేసుకున్నారు.

సంకరం ఆవు మీద నాకు కోపం లేదని ఇక్కడే చెప్పాలి. అది చలిదేశపు తండ్రికి పుట్టింది, మన ఎండలో పెరిగింది. దాని ఒళ్లు మన వేసవికి తగ్గట్టు మారాలంటే తరాలు పడుతుంది. మనకేమో అంత ఓపిక లేదు, వేసవికి అసలే లేదు. ఏటేటా ముందుగా వచ్చి ఆలస్యంగా పోవడం మొదలుపెట్టింది. తొలకరి చినుకు కోసం మొహాలు ఎత్తి చూడడం రోహిణి కార్తె దాటినా తప్పేది కాదు.

గొడ్డు కాదు

సువార్తమ్మది కాలవ అవతల చర్చి పేట. భర్త పోయాడు. ఇద్దరు పిల్లల తిండీ బడీ అన్నీ ఒక్క గేదె పాల మీదే. ఆ గేదె చుక్క. పుట్టింటివాళ్లు ఇచ్చిన గేదెకి పుట్టిన పెయ్య, నుదుటి మీద రూపాయంత తెల్ల మచ్చ. ఆ మచ్చ చూస్తే ఏడీ గారికి ఒళ్లు మండేది. "మంచి ముర్రా జాతి గేదెకి మచ్చ ఉండకూడదండి. ఇది కల్తీ" అనేవారు. సువార్తమ్మ మాత్రం పొద్దున్నే పాలు పితికేముందు ఆ మచ్చని బొటనవేలితో ఒకసారి నిమిరేది.

ఒక వేసవిలో ఆవిడ చుక్కని తోలుకుని ఆసుపత్రికి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"డాక్టరమ్మగారండి, ఒక్కసారి చూసి చెప్పేయండి. గొడ్డయితే గొడ్డని చెప్పేయండి. నా మనసు గట్టి చేసుకుంటాను."

సంగతేంటంటే, చుక్క ఈని చాలా కాలమైంది, పాలు ఒట్టిపోయాయి, మళ్లీ ఎదకి రావడం లేదు. ఎదకి వచ్చిన గేదె అరుస్తుంది, తాడు తెంచుకుంటుంది. దాన్నిబట్టే దున్నపోతు దగ్గరికి తోలతారు, లేదా మా దగ్గరికి సూది వేయించడానికి తీసుకొస్తారు. చుక్క అరవడం లేదు. గొడ్డుపోయిందని పేటంతా తేల్చేసింది. పశువుల బేరగాడు వారం వారం వచ్చి కూర్చుంటున్నాడు. గొడ్డుగేదె సంతకి వెళ్తే దాన్ని ఎవరు కొంటారో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

చుక్కని చట్రంలో నిలబెట్టి, భుజం దాకా గ్లౌజు తొడుక్కుని పరీక్ష చేశాను. అండాశయం మీద చిన్న మొటిమలాంటిది వేలికి తగిలింది. ఎదకి వచ్చి వెళ్లిన గేదెకే అది ఉంటుంది.

"నీ గేదె గొడ్డు కాదు సువార్తమ్మా. వేళకి ఎదకి వస్తూనే ఉంది."

"ఆయ్. మరి అరవదేంటండి?"

"కొన్ని అరవవు. మూగ ఎద అంటాం. ఎండలు ఎక్కువైతే గేదెల్లో ఇలా అవుతుంది. అరిచే ఓపిక కూడా మిగలదు వాటికి."

ఆవిడ నమ్మలేదు. "ఎదకొచ్చిన గేదె అరవకుండా ఉంటాదేంటండి? దీని అమ్మ అరిస్తే చర్చిలో పాట వినపడేది కాదండి. పాస్టరు గారు వచ్చి కోప్పడేవారు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మీరు మంచివారు కాబట్టి నా బాధ చూడలేక అలా చెప్తున్నారు" అంది.

ఆ సాయంత్రమే నేను వాళ్లింటికి వెళ్లాను, ఏడీ గారి పద్ధతిలో చుక్క కట్టేసి ఉండే చోటు చూద్దామని. అక్కడా రేకులే. ప్రెసిడెంటు గారిని చూసి ఆవిడా తాటాకు పీకేసి ఎలాగో కష్టపడి వేయించుకుంది. పొద్దు వాలుతున్నా లోపల సెగ తగ్గలేదు. నాలుగు నిమిషాలు నిలబడేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది.

"రోజంతా ఇక్కడేనా? నీళ్లలోకి తోలవా?"

"ఎక్కడికి తోలనండి? కాలవ కట్టేశారు కదండి. చెరువేమో పాటకి పోయింది."

మా డెల్టా సంగతి తెలియని వాళ్లకోసం చెబుతున్నాను. వేసవిలో కాలవలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లోనే వదిలేది. కట్టేసేముందు ఊళ్లన్నీ చెరువులు నింపుకుంటాయి. సముద్రం దగ్గర కాబట్టి బోరు వేస్తే ఉప్పునీరు. అంటే ఆ రెండు నెలలూ పశువులకి దిక్కు ఒక్క చెరువే. ఆ చెరువుని పంచాయతీవాళ్లు చేపల పెంపకానికి వేలం వేసేశారు. దాన్నే మావైపు చెరువు పాట అంటారు. పాట పాడుకున్నాయన చుట్టూ ముళ్లకంచె వేసి కాపలా పెట్టాడు.

అప్పటికి గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. గేదెలకి చెరువంటే స్నానం ఒక్కటే కాదు. ఊరి దున్నపోతు కూడా ఆ నీళ్లలోనే పడి ఉండేది. ఏ గేదె ఎదకి వచ్చిందో మనకి తెలియకపోయినా దానికి తెలుస్తుంది, వాసనబట్టి. అరిచినా అరవకపోయినా పెళ్లిచూపులన్నీ ఆ బురదలోనే అయిపోయేవి. ఇప్పుడు గేదెలు ఇళ్లల్లో రేకుల కింద, దున్నపోతు ఎక్కడో చేలగట్ల మీద. ఆడది నోరు విప్పదు, మగదానికి కబురు అందదు. పాపం పేటలో గొడ్డు అని పేరు పడినవి చుక్కతో పాటు ఇంకా ఉన్నాయి.

"కాలవ వదిలేదాకా ఆగు సువార్తమ్మా. అప్పటికీ చూడి కట్టకపోతే నీ ఇష్టం" అన్నాను.

ఆవిడ చుక్క నుదుటి మచ్చని బొటనవేలితో నిమిరింది. "అలాగేనండి. కాలవ వదిలేదాకా" అంది.

పేడ కొనే చెరువు

ఆ మర్నాడు చెరువు దగ్గరికి వెళ్లాను. చూస్తే, గట్టు మీద ట్రాక్టరు ఆగి ఉంది. ఇద్దరు మనుషులు తట్టలతో ఏదో చెరువులో పోస్తున్నారు. అవతలి గట్టున కాపలావాడు కర్ర పుచ్చుకుని రెండు గేదెల్ని తరుముతున్నాడు. పాట పాడుకున్న సత్తిబాబు గారు గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"సత్తిబాబు గారూ, ఆ ట్రాక్టర్లో ఏంటండి?"

"పేడండి. చెరువులో వేస్తే నీళ్లలో నాచు పుడతాదండి, చేప బాగా ఎదుగుద్ది."

"ఎక్కడిదండి అంత పేడ?"

"ఊళ్లోదేనండి. ఇంటింటికీ తిరిగి కొంటున్నాం. ట్రాక్టరు కిరాయి వేరు."

"మరి ఆ గేదెల్ని ఎందుకు తోలేస్తున్నారండి?"

"చెరువులో దిగి పేడ..." అని ఆగిపోయారు సత్తిబాబు గారు.

ఇదేం చోద్యమండీ! నాకు నవ్వు ఆగలేదు. తట్టలు మోసేవాళ్లూ నవ్వేశారు. సత్తిబాబు గారు నవ్వలేదు గానీ, ఆయన మొండి మనిషి కాదు. చేపల గురించి ప్రాణం పెట్టే మనిషి. కోపం దిగాక నిదానంగా తన బాధ చెప్పారు. గేదెలు ఎక్కడపడితే అక్కడ దిగితే గట్లు కుంగుతాయి. వలలు వాటి కాళ్లకి తగిలి చిరుగుతాయి. గట్టు తెగి చేప కాలవలోకి పోతే ఆయన కుటుంబం రోడ్డున పడుతుంది. అది నిజమే కదా, నేను కాదనలేకపోయాను.

"ఒక్క మూల వదలండి చాలు. రాళ్లు పరిచి ఏటవాలు రేవు చేద్దాం. వెదురు దడి కట్టేస్తే ఇటు గేదెలు, అటు చేపలు. వల అటే వేసుకోండి."

"అది నా చేతుల్లో లేదండి. పాట మళ్లీ ఈ వేసవిలోనే ఉంది. షరతులు పంచాయతీ పెడుతుంది, నేను కాదు" అన్నారాయన.

వేలం రోజు

ఏడీ గారికి చెప్పాను. జీపు దిగకుండానే నా మీద ఎగిరిపడ్డారు. "చెరువు పాట పంచాయతీ వ్యవహారమండి. మీకెందుకు? మీరు గేదె డాక్టరా, చెరువు డాక్టరా? ఊళ్లో పెద్దలకి కోపం వస్తే నన్నడక్కండి, మర్నాడే ట్రాన్స్‌ఫరు."

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. భయమేసింది, ఎందుకు అబద్ధం చెప్పాలి? కానీ పొద్దున లేచేసరికి భయం కన్నా మొండితనం ఎక్కువగా ఉంది.

పాట రోజు పంచాయతీ ఆఫీసు వరండా కిక్కిరిసిపోయింది. నేను వెళ్లి ప్రెసిడెంటు గారికి నమస్కారం పెట్టాను.

"ఒక మూల గేదెలకి వదిలేలా షరతు పెట్టించండి."

"చేపల పాటలో గేదెల ఊసేంటండి డాక్టరమ్మగారూ? ఎన్నో ఎండాకాలాలు చూశాయవి. తట్టుకుంటాయిలెండి."

తట్టుకుంటాయిలెండి! ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకు బాగా కోపం తెప్పించిన మాట ఏదైనా ఉంటే అది ఇదే. తట్టుకోవడం వాటికి తెలుసు. కొంగలు చూడండి, చేలో నీళ్లు ఎండితే ట్రాక్టరు దున్నే చోటికి పోతాయి. నాటుకోడి ఎండ ముదిరితే గాదె కింద చల్లటి మట్టి గీరుకుని పడుకుంటుంది. గట్టు మీద గరిక, ఉప్పు తగిలితే వేరు మార్చుకుని పాకుతుంది. కదలనిస్తే ప్రతి ప్రాణీ ఏదో ఒక దారి చూసుకుంటుంది. గేదెకి దేవుడిచ్చిన దారి నీళ్లు. ఆ దారికి ముళ్లకంచె వేసి, మెడకి పలుపు వేసి, ఇక తట్టుకో అంటే ఎలా తట్టుకుంటుంది?

ఇదంతా అక్కడ అనలేదు. అనే ధైర్యం లేదు. ఒక్కటే అడిగాను.

"ప్రెసిడెంటు గారూ, పాట మొదలుపెట్టేముందు ఒక్కసారి నాతో వచ్చి ఒక పాకలో నిలబడండి. ఆ తర్వాత మీకు ఏది తోస్తే అదే చేయండి."

జనం గొల్లుమన్నారు. ప్రెసిడెంటు గారికి మాత్రం తన షెడ్డు, వెనక సగం తాటాకు గుర్తొచ్చినట్టున్నాయి. నా వైపు ఒకలా చూసి లేచారు. "పదండి, ఎంతసేపు" అన్నారు.

నేను ఆయన్ని కాలవ దాటించి చర్చి పేటకి తీసుకెళ్లాను. ఓట్లప్పుడు వీధి దాకా వచ్చిన మనిషే గానీ, ఆ పేటలో ఒక ఇంటి పాకలోకి వంగి దూరడం అదే మొదటిసారి అనుకుంటాను. సువార్తమ్మ కంగారుపడి తలమీద కొంగు కప్పుకుంది. చుక్క తల వేలాడేసి రొప్పుతోంది. ఆయన దాని పక్కన నిలబడ్డారు. చుట్టూ జనం చేరారు. ఆయన చొక్కా వీపు తడిసి నల్లబడింది. చెమట గడ్డం మీంచి కారుతున్నా ఆయన తుడుచుకోలేదు. నేను చాలనలేదు. ఆయనే చివరికి బయటికొచ్చి గోడ పట్టుకున్నారు.

"కాసిని మంచినీళ్లు ఇయ్యమ్మా" అన్నారు.

సువార్తమ్మ కదల్లేదు. ఇవ్వచ్చా అన్నట్టు నా వైపు చూసింది. ఆయనకీ అర్థమైంది. "నిన్నేనమ్మా. దాహంగా ఉంది" అన్నారు మళ్లీ. ఆవిడ చెంబుతో తెచ్చింది. ఆయన అక్కడే నిలబడి మొత్తం తాగేశారు.

తిరిగొచ్చాక పాట మొదలుపెడుతూ, తూర్పు మూల గేదెల రేవుకి వదలాలి, దడి ఖర్చు పాట పాడుకున్నవాళ్లదే అని షరతు చెప్పారు. సత్తిబాబు గారే మళ్లీ పాడుకున్నారు. చివర్లో చెయ్యెత్తి ఆయనొక షరతు పెట్టారు. "రేవులో పడ్డ పేడ మాత్రం నాదేనండి. ఎవరూ ఎత్తుకుపోకూడదు." ఆ మాటకి వరండా అంతా నవ్వులు.

కాలవ వదిలాక

రేవు తయారైంది. ఊరి గేదెలన్నీ పొద్దెక్కగానే దిగేవి, ముక్కులూ కళ్లూ మాత్రం పైకి పెట్టి. దున్నపోతు కూడా రెండో రోజుకే వచ్చి చేరింది. అయినా చుక్క అరవలేదు. నేను వెళ్లినప్పుడల్లా సువార్తమ్మ తల అడ్డంగా ఊపేది. ఒక వాన పడింది, గాలి మారింది. చుక్క మేత తింటోంది, కాస్త ఒళ్లు చేసింది, అంతే. ఇంతలో కాలవ వదిలేశారన్న కబురు వచ్చింది. గడువు అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే మోపెడ్ వేసుకుని చర్చి పేటకి పరిగెత్తాను. పాక ఖాళీగా ఉంది. రాట దగ్గర చుక్క లేదు, ఇంట్లో సువార్తమ్మ లేదు. పక్కింటావిణ్ణి అడిగితే, బేరగాడు పొద్దున్నే వచ్చాడండి అంది. సంత రోడ్డు వైపు బండి తిప్పాను. చెరువు మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక అరుపు, చెవులు చిల్లులు పడేలా.

గట్టు మీద సువార్తమ్మ నిలబడి ఉంది. రేవులో చుక్క కిమ్మనకుండా నిలబడి ఉంది, తోక పక్కకి పెట్టి. దాని చుట్టూ తిరుగుతూ, మూతి పైకెత్తి ఊరంతా అదిరేలా అరుస్తున్నది దున్నపోతు.

నన్ను చూసి సువార్తమ్మ పరిగెత్తుకొచ్చింది. "డాక్టరమ్మగారండీ! ఇది నోరెత్తలేదండీ! ఆ ఎదవే అరుస్తన్నాడు!" అని నవ్వుతోంది, ఏడుస్తోంది.

"బేరగాడేడి?"

"పొమ్మన్నానండి. నీళ్లలోకి తోలి ఒక్కసారి చూసుకుని అప్పుడు ఇస్తానన్నాను. ఈ అరుపు వినేసరికి, పో బాబూ, నా గేదె పెళ్లికూతురు అన్నాను."

గట్టు మీద ఇద్దరం చేతులు పట్టుకుని నిలబడ్డాం. చదువు, ఉద్యోగం, డాక్టరు అన్న హోదా ఏమీ గుర్తులేవు నాకు ఆ క్షణంలో. తర్వాత పరీక్ష చేస్తే చూడి నిలిచింది. మరుసటి ఏడు ఈనింది, పెయ్యదూడ. నుదుటి మీద అదే మచ్చ.

ఏడీ గారు ఆ రేవు చూడడానికి వచ్చారు. చాలాసేపు గట్టు మీద నిలబడి, "నేను నిలబెట్టమన్నది డాక్టర్లనండి, ప్రెసిడెంట్లని కాదు" అన్నారు. అని, బూట్లు విప్పి కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడాయన లేరు. ఆయన విసుగు, ఆయన జెర్సీ పిచ్చి, ఆయన నేర్పిన ఆ ఒక్క పద్ధతి, అన్నీ కలిపి తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి. పిల్లలూ, మీకు ఎన్ని మందులు తెలిసినా ఫరవాలేదు, పశువు కట్టేసిన చోట మిట్టమధ్యాహ్నం ఒకసారి నిలబడకుండా చీటీ రాయకండి.

ఆ రేవు

రెండు వేలు దాటిన కొన్నేళ్లకి, రాజమండ్రికి బదిలీ అయ్యాక, ఒక పెళ్లికి మొగల్తూరు వెళ్తూ ఆ ఊళ్లో దిగాను. నడి వేసవి. దారంతా గుర్తుపట్టలేకపోయాను. వరిచేలు తవ్వేసి చేపల చెరువులు చేశారు. గట్టు తర్వాత గట్టు, కంచె తర్వాత కంచె, ఎక్కడా ఒక్క గేదె కనపడలేదు. ఆ రేవు మాత్రం ఎందుకు మిగులుతుంది అనుకున్నాను. దిగులుతోనే చర్చి పేట వైపు నడిచాను.

సువార్తమ్మ పాక అక్కడే ఉంది. రేకుల మీద మందంగా తాటాకు, దాని మీద అల్లుకున్న ఆనప పాదు. లోపలికి తొంగి చూశాను. ఖాళీ. రాటకి పలుపు చుట్టి ఉంది, దాని మీద దుమ్ము.

"ఎవరండీ?" అంటూ వెనకనుంచి సువార్తమ్మ. జుట్టు నెరిసింది, గొంతు అదే. నన్ను గుర్తుపట్టి నోరు తెరిచింది.

"అమ్మేశావా?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

"ఎవర్నండి?"

"చుక్క సంతానాన్ని."

ఆవిడ విరగబడి నవ్వింది. "ముందు లోపలికి రండి డాక్టరమ్మగారూ. ఇదిగో, ఇక్కడ నిలబడండి. నేను చాలనేదాకా కదలకండి."

నిలబడ్డాను. ఆనపాకుల పచ్చి వాసన. తీసేసిన గోడ వైపునుంచి కాలవగాలి వస్తోంది.

"ఎలా ఉందండి?"

"చల్లగా ఉంది."

"ఇంత చల్లగా ఉన్నా ఉండదండి ఇంట్లో. చుక్క మనవరాలు అది. పొద్దెక్కితే దానంతటది పోతాది, చల్లబడ్డాక దానంతటదే వస్తాది. పలుపు కట్టి ఎన్నాళ్లయిందో."

రేవుకి తీసుకెళ్లింది. రాళ్లు అరిగి నున్నబడ్డాయి. దడి కొత్తగా కట్టారు, అవతల ఎవరో కొత్త పాటదారుడి వల ఆరేసి ఉంది. నీళ్ల మీద నల్లటి తలలు. అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఒక్క దాని నుదుటి మీద మాత్రం తెల్ల మచ్చ తళుక్కుమంటోంది.

"పిలవనాండి?"

"వద్దు, ఉండనీ."

ఎండ మాడ్చేస్తోంది. నేనూ సువార్తమ్మా తలమీద కొంగు కప్పుకుని, ఒళ్లంతా చెమటతో గట్టు మీద నిలబడి ఉన్నాం. అది మాత్రం కళ్లు సగం మూసుకుని నీళ్లలో హాయిగా ఉంది.